చేత్తో నడుస్తుంది.. రీబూట్ చేస్తే మొరాయిస్తుంది!

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసి, హాస్టల్ మెస్ లెక్కల కోసం చిన్న సర్వర్ పెట్టాను. గైడ్ చూసి సర్వీస్‌కి వేరే యూజర్‌ని కూడా క్రియేట్ చేశా. నేను టెర్మినల్లో రన్ చేస్తే బాగానే నడుస్తోంది. కరెంట్ పోయి వస్తే మాత్రం స్టార్ట్ కావట్లేదు. ఫోల్డర్‌కి 777 పర్మిషన్ ఇచ్చేయమని ఫ్రెండ్ అంటున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: వద్దు బాస్! 777 అంటే ఆ మెషిన్లోని ప్రతి యూజర్‌కీ చదివే, మార్చే, నడిపే హక్కులు ఇచ్చేయడమే. తాళంచెవి పోయిందని తలుపు పీకేస్తామా?

టెర్మినల్లో నడిపితే ప్రోగ్రామ్ మీ పేరు మీద నడుస్తుంది. బూట్ అయ్యేటప్పుడు దాన్ని లేపేది సిస్టమ్‌డీ. సర్వీస్ ఫైల్లో ‘యూజర్’ అని ఎవరి పేరుంటే వాళ్ల హక్కులతోనే నడుపుతుంది. ఆ యూజర్‌కి మీ ఫైళ్లు పరాయివి. మీ ఫోన్లోనూ ఇదే పద్ధతి. ఆండ్రాయిడ్ ప్రతి యాప్‌కీ వేరే యూజర్ ఐడీ ఇస్తుంది కాబట్టే ఒక యాప్ దాచుకున్న డేటాని ఇంకోటి తొంగిచూడలేదు.

ఇప్పుడు వరసగా ఇలా చెయ్యండి.

1. ‘జర్నల్‌సీటీఎల్’తో సర్వీస్ లాగ్ చూడండి. ‘పర్మిషన్ డినైడ్’ పక్కనే ఏ ఫైలో ఉంటుంది.

2. ‘సుడో -యూ’తో సర్వీస్ యూజర్‌గా మారి ఆ ఫైల్ తెరవండి. తెరుచుకోకపోతే దొంగ దొరికినట్టే.

3. ఫైల్ ఒక్కటే కాదు, దారిలోని ప్రతి ఫోల్డర్‌లోకీ ప్రవేశం ఉండాలి. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్లకి 750 పర్మిషనే వస్తుంది. అంటే బయటివాళ్లకి గేటు దగ్గరే బ్రేక్! లోపలి ఫోల్డర్‌కి 777 ఇచ్చినా లాభం లేదు.

4. అందుకే యాప్‌ని హోమ్‌లోంచి ‘ఎస్‌ఆర్‌వీ’ ఫోల్డర్‌కి మార్చండి. డేటా ఫోల్డర్‌ని మాత్రం ‘సీహెచ్‌ఓన్’తో సర్వీస్ యూజర్ పేరున రాయండి. ఎస్‌క్యూలైట్ వాడితే ఫైల్ ఒక్కటీ చాలదు. పక్కనే తాత్కాలిక ఫైల్ రాసుకుంటుంది కాబట్టి ఫోల్డర్‌లోనూ రాసే హక్కు కావాలి.

5. సర్వీస్ ఫైల్లో కొత్త పాత్ ఇచ్చి, ‘డెమన్-రీలోడ్’ చేసి, రీస్టార్ట్ కొట్టండి.

విసుగొచ్చి ‘యూజర్’ లైన్ తీసేయకండి. అప్పుడు యాప్ రూట్‌గా నడుస్తుంది. దాన్లో ఒక్క లోపం దొరికినా మెషిన్ మొత్తం వేరేవాళ్ల చేతికి పోతుంది.

చివరగా, ఒకసారి నిజంగానే రీబూట్ చేసి చూడండి. నెలాఖరున మెస్ బిల్లులేసే రోజు కరెంట్ పోయేదాకా ఆగొద్దు!