ట్యాంకు నిండుగానే ఉంది, ధార మాత్రం సన్నం!

ఎండలు ముదిరాయంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో నీళ్ళ బాధలే ఎక్కువ. అసలు రావడం లేదనే వాళ్ళు కొందరైతే, వస్తున్నాయి గాని ధార లేదనే వాళ్ళు చాలామంది. ఈసారి ఒక సోదరి రాశారు. మూడంతస్తుల ఇంట్లో పై అంతస్తులో ఉంటారట. మిద్దె మీద ట్యాంకు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. అయినా వంటింటి సింకులో బియ్యం కడిగే గిన్నె నిండేలోగా పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయట. వచ్చిన ప్లంబరు అటూ ఇటూ చూసి, "ప్రెషర్ పంపు పెట్టించండి, లేదంటే గోడలు పగలగొట్టి పైపులన్నీ మార్చాలి" అనేసి వెళ్ళాడు. వాళ్ళాయన డబ్బు సర్దే ప్రయత్నంలో ఉన్నారు. రెండింట్లో ఏది చేయించమంటారు అని అడిగారు.

ఇప్పుడే రెండూ వద్దు. ధార ఎక్కడ తగ్గుతోందో తెలుసుకోకుండా పంపు కొనడం అంటే, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మందు మింగడమే. అది కనుక్కోవడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. రోజంతా కుళాయిల దగ్గర ఉండేది మనమే కదా, ఏది ఎలా వస్తుందో ప్లంబరు కంటే మనకే బాగా తెలుసు.

10 లీటర్ల బకెట్ ఒకటి, సెకన్ల ముల్లున్న గడియారం ఒకటి దగ్గర పెట్టుకోండి. మిగతావన్నీ కట్టేసి, ఒక్కో కుళాయి పూర్తిగా తిప్పి బకెట్ ఎంతసేపట్లో నిండుతుందో చూసి కాగితం మీద రాసుకోండి. నా లెక్కన నిమిషంలోపు నిండితే ఆ కుళాయికి జబ్బు లేనట్టే. రెండు నిమిషాలు దాటిందంటే చూడవలసిందే. సింకులో బకెట్ పట్టదు కాబట్టి లీటరు సీసా పెట్టండి. అది 6 సెకన్లలో నిండితే బాగున్నట్టు, 12 దాటితే బాగా లేనట్టు. వేడినీళ్ళ కుళాయి, చన్నీళ్ళ కుళాయి విడివిడిగా చూడాలి. ఈ కాగితం చేతిలో ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఇంట్లో అన్నీ బాగా వస్తూ ఒక్క కుళాయే సన్నగా వస్తోందంటే, గోడ లోపలి పైపుల జోలికి పోనక్కర్లేదు. తప్పు ఆ కుళాయిలోనే ఉంటుంది. ఈమధ్య సింకులకు, వాష్ బేసిన్లకు వచ్చే కుళాయిల మూతి దగ్గర చిన్న జాలీ ఉంటుంది. నీళ్ళు చిందకుండా నురగలా పడేది దానివల్లే. బోరు నీళ్ళల్లో ఉండే సున్నం, ఇసుక రేణువులు, ట్యాంకులోంచి వచ్చే నాచు అన్నీ అక్కడ చేరతాయి. కాఫీ ఫిల్టరు చిల్లులు మూసుకుపోతే డికాక్షన్ దిగనట్టే అక్కడ నీళ్ళు దిగవు. కుళాయి మూతిని పొడి గుడ్డతో పట్టుకుని తిప్పితే చాలావరకు చేత్తోనే వచ్చేస్తుంది. రాకపోతే గుడ్డ చుట్టి పానాతో మెల్లగా తిప్పండి. తీశాక కుళాయి తిప్పి చూడండి. ధార జోరుగా వచ్చిందా, దొంగ దొరికినట్టే.

ఆ జాలీని ఒక గిన్నెలో వెనిగర్ పోసి రాత్రంతా నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్దితే తెల్లగా కట్టిన గార వదిలిపోతుంది. షవరు తలకూ ఇదే వైద్యం. దాన్ని ఊడదీయలేకపోతే, వెనిగర్ పోసిన ప్లాస్టిక్ సంచీని దానికి తొడిగి రబ్బరు బ్యాండు వేసి ఉంచండి. బాత్రూము కడిగే యాసిడ్ మాత్రం వాడొద్దు. మెరుపు పూత లేచిపోయి కుళాయి అందం చెడుతుంది. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ట్యాంకు కడగడానికి బ్లీచింగ్ పౌడరు వాడే ఇళ్ళల్లో, దాన్ని యాసిడ్‌తో గాని వెనిగర్‌తో గాని ఎప్పుడూ కలపకూడదు. ఊపిరాడనివ్వని విషవాయువు పుడుతుంది.

జాలీ శుభ్రంగా ఉన్నా ధార రాకపోతే సింకు కింద వంగి చూడండి. గోడలోంచి వచ్చే చోట చిన్న కుళాయి లాంటిది ఉంటుంది, యాంగిల్ కాక్ అంటారు. ఎప్పుడో వాషరు మార్చినప్పుడు కట్టి, తిరిగి సగమే తిప్పి వదిలేసి ఉండవచ్చు. సామాన్లు తోసేటప్పుడు అక్కడి మెత్తని పైపు మడత పడి ఉండవచ్చు. వాషింగ్ మెషీన్‌లో నీళ్ళు నిండడానికి గంటలు పడుతుంటే, వెనక పైపు బిగించే చోట ఉండే చిన్న జల్లెడను తీసి కడగండి. దానికోసం మెకానిక్‌ని పిలవనక్కర్లేదు. ముందు ప్లగ్గు తీసి, నీళ్ళు కట్టేస్తే చాలు.

చన్నీళ్ళు బాగా వస్తూ వేడినీళ్ళే సన్నగా వస్తున్నాయా? అయితే గీజరులో గాని, దానికి వెళ్ళే వాల్వులో గాని గార పట్టింది. చవుడు నీళ్ళ ఊళ్ళల్లో ఇది తప్పదు. గీజరు విప్పే పని మాత్రం మనది కాదు, తెలిసిన వాళ్ళ చేతే చేయించండి. దాని కింద బొట్టుబొట్టుగా నీళ్ళు కారే చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. కారుతోంది కదా అని దానికి బిరడా పెట్టే మహానుభావులున్నారు! లోపల ఒత్తిడి పెరిగితే బయటికి వదిలే దారి అది. మూస్తే గీజరు పేలుతుంది. గ్యాస్ గీజరు అయితే ధార చాలకపోతే అసలు వెలగనే వెలగదు. ధార సంగతి అటుంచి, గాలి ఆడని బాత్రూములో దాన్ని పెట్టించుకున్న వాళ్ళు ఈరోజే మార్పించండి. వాసన లేని విషవాయువు వల్ల స్నానానికి వెళ్ళిన వాళ్ళు అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ఎన్నో జరిగాయి.

ఇక ఇంట్లో కుళాయిలన్నీ సన్నగా వస్తున్నాయంటే మిద్దె ఎక్కవలసిందే. ఎక్కేముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. పెద్ద ట్యాంకు పెడితే ధార పెరుగుతుందని చాలామంది నమ్మకం. 500 లీటర్ల ట్యాంకు తీసి 1000 లీటర్లది పెట్టినా ధార మారదు. నీళ్ళకు బలం ఇచ్చేది ఎత్తు. నీటి మట్టం కుళాయి కన్నా 10 మీటర్లు, అంటే దాదాపు 33 అడుగులు ఎత్తులో ఉంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మరి పై అంతస్తు వాళ్ళ పరిస్థితి చూడండి. కప్పు 10 అడుగుల ఎత్తు, దాని మీద 3 అడుగుల దిమ్మ మీద ట్యాంకు, షవరు 7 అడుగుల దగ్గర. ట్యాంకు అడుగుకూ షవరుకూ మధ్య ఉన్నది 6 అడుగులే. అంటే కిలోలో అయిదో వంతు కూడా లేదు. అదే బాత్రూములో 2 అడుగుల ఎత్తున ఉన్న బకెట్ కుళాయికి 11 అడుగులు దొరుకుతుంది. బకెట్ నిండుతుంది గాని షవరు రాదు అని వాపోయే వాళ్ళ ఇళ్ళల్లో చాలావరకు రహస్యం ఇదే. కింది అంతస్తు వాళ్ళకు ఇంకో 20 అడుగులు కలిసొస్తుంది కాబట్టి వాళ్ళకు ఈ బాధే తెలియదు.

ఎత్తు ఎప్పుడూ ఒకటే. కాబట్టి మొదటినుంచీ సన్నగానే వస్తే ఎత్తు చాలడం లేదనుకోవచ్చు. పోయిన ఏడాది దాకా బాగా వచ్చి ఇప్పుడు తగ్గితే మాత్రం ఎత్తు తప్పు కాదు, ఎక్కడో అడ్డు పడింది. కుళాయి తిప్పగానే ఒక్క క్షణం జోరుగా వచ్చి వెంటనే సన్నబడుతుంటే అది కూడా అడ్డుకే గుర్తు.

ఆ అడ్డు మొదట వెతకవలసింది ట్యాంకు దగ్గర గేట్ వాల్వులో. పాత ఇత్తడి వాల్వుల్లో లోపలి పలక విడిపోయి కిందికి జారిపోతుంది. పైన చక్రం ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది, తెరుచుకున్నట్టే అనిపిస్తుంది, లోపల మాత్రం దారి మూసే ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో అయితే ఒకే వరసలో పది వాల్వులుంటాయి. ఎవరిది ఏదో తెలియక ఒకరిది ఒకరు కట్టేస్తారు. "పైవాళ్ళు కావాలనే మా నీళ్ళు ఆపేశారు" అని మాటామాటా పెరిగేది ఇక్కడే. ఒక్కో వాల్వుకు ఫ్లాటు నంబరు రంగుతో రాయిస్తే సగం తగాదాలు తీరిపోతాయి. ట్యాంకు అడుగున బురద పేరుకుని బయటికి వచ్చే పైపు మూతి దాకా వచ్చిందేమో కూడా చూడండి.

ట్యాంకు కడిగిన రోజునుంచో, ఒకసారి పూర్తిగా ఖాళీ అయిన రోజునుంచో ధార పోయిందా? కుళాయి బుసబుసమని చప్పుడు చేసి, కక్కినట్టు వచ్చి ఆగిపోతోందా? అయితే పైపులో గాలి చిక్కుకుంది. ట్యాంకు నిండా నింపి, ఇంట్లో కుళాయిలన్నీ కిందవాటితో మొదలుపెట్టి పూర్తిగా తిప్పి పది నిమిషాలు వదిలేస్తే తరచుగా గాలి దానంతటదే పోతుంది. మిద్దె మీద ట్యాంకు కన్నా ఎత్తుగా నిలబెట్టిన సన్న పైపు ఒకటి ఉంటుంది. అది గాలి పోవడానికే. పిల్లలు బంతి ఆడుతూ విరగ్గొట్టినా, ఎవరైనా గుడ్డ కుక్కినా మళ్ళీ మళ్ళీ గాలి చిక్కుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి, ఇల్లు పాతదై, పొద్దున్నే మొదట వచ్చే నీళ్ళు ఎర్రగా ఉంటే ఇనుప పైపులు లోపల తుప్పు పట్టి సన్నబడ్డాయని అర్థం. దానికి మాత్రం మందు లేదు, మార్చవలసిందే. గోడ పగలగొట్టడం ఇష్టం లేకపోతే గోడ మీదుగా కొత్త ప్లాస్టిక్ పైపు లాగించుకోవచ్చు. చూడ్డానికి బాగుండదంటారు. నన్నడిగితే నీళ్ళు వచ్చే వికారం, నీళ్ళు రాని అందం కన్నా నయం.

ఉత్తరం రాసిన సోదరి ఇంట్లో బాత్రూము కుళాయిలు బాగానే వస్తుంటే ముందు సింకు జాలీ విప్పి చూడమంటాను. అన్నీ మొదటినుంచీ సన్నగా ఉండి, వాల్వులు కూడా బాగుంటే అప్పుడు పంపు మాట ఆలోచించవచ్చు. పెట్టిస్తే ట్యాంకునుంచి వచ్చే పైపుకే పెట్టించండి. కరెంటు పోయినప్పుడు నీళ్ళు మామూలుగా దిగడానికి పక్కదారి పైపు కూడా ఉంచమని చెప్పండి. లేకపోతే కరెంటు లేనప్పుడు ఉన్న ధార కూడా తగ్గిపోతుంది. పంపు వద్దనుకుంటే ట్యాంకు ఎత్తు పెంచవచ్చు గాని, 1000 లీటర్ల నీళ్ళంటే టన్ను బరువు. కింద దూలాలు ఎక్కడున్నాయో తెలిసిన ఇంజనీరుకు చూపించకుండా దిమ్మ కట్టించకండి.

వీధిలోంచి వచ్చే మునిసిపల్ కుళాయి పైపుకు మాత్రం ఎవరు చెప్పినా మోటారు బిగించకండి. అది నిబంధనలకు విరుద్ధం. పక్కవాళ్ళ నీళ్ళు లాక్కోవడం ఒక ఎత్తయితే, భూమిలో ఆ పైపుకు ఎక్కడ చిల్లు ఉన్నా చుట్టూ ఉన్న మురుగును కూడా మోటారు లోపలికి పీల్చేస్తుంది. అది మన బిందెలోకే కాదు, వీధి వీధంతటి బిందెల్లోకీ వెళ్ళవచ్చు. కామెర్లూ, టైఫాయిడూ వచ్చేది ఇలాంటి నీళ్ళవల్లే.

నీళ్ళ గురించి ఉత్తరం రాసే వాళ్ళు ఎన్నో అంతస్తో, ట్యాంకు దిమ్మ ఎంత ఎత్తో, ఏ కుళాయికి బకెట్ ఎంతసేపట్లో నిండిందో, ఎప్పటినుంచి తగ్గిందో తప్పకుండా రాయండి. వచ్చే వారం ట్యాంకు కడిగే పద్ధతి చెప్పుకుందాం.