కిందికి దించిన కారులో సుఖానికి చోటెక్కడ?

కారును నేలకు దగ్గరగా దించుకోవాలన్న ముచ్చటను నేను తప్పుపట్టను. చక్రానికీ, దానిపైనున్న రేకు అంచుకూ నడుమ నాలుగు వేళ్ళు దూరేంత ఖాళీ ఉంటే, ఆ కారు పొట్టిలాగు తొడుక్కున్న పెద్దమనిషిలా కనిపిస్తుందన్న మాటలో సత్యం లేకపోలేదు. అయితే ఈ ముచ్చట ఉన్నవారు సాధారణంగా అడిగే ప్రశ్న "ఎంత దించవచ్చు?" అన్నది. అడగవలసినది అది కాదని నా అభిప్రాయం. "దించిన తరువాత చక్రం పైకి లేవడానికి ఎంత చోటు మిగులుతుంది?" అన్నదే అసలు ప్రశ్న. సుఖమైనా, కష్టమైనా ఆ మిగిలిన చోటులోనే ఉంది.

ఈ మీమాంస మా ఇంట్లో ఎందుకు పుట్టిందో మనవి చేస్తాను. మేముండేది డెట్రాయిట్ శివార్లలో. మా కారు మొదటి తరం మాజ్డా3. దాని షాక్ అబ్జార్బర్లు నాలుగింటికీ ఆయుష్షు తీరింది. ఎలాగూ మార్చేటప్పుడు కారును 45 మిల్లీమీటర్లు దించేద్దామని మావాడి పట్టుదల. మరో పక్క, మా అమ్మగారు కాకినాడ నుంచి వచ్చి ఆరు నెలలు మావద్ద ఉంటారు. ఆవిడకు నడుము దగ్గర వెన్నుపూసలు అరిగాయి. ముందు సీటు బెల్టు మెడకు ఒరుసుకుంటుందని వెనకనే కూర్చుంటారు. నోవైలోని వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళిరావడం ఆవిడకు వారానికొక్కసారి దొరికే బయటి ప్రపంచం. చలికాలంలో ఇక్కడి రోడ్ల పగుళ్ళలోకి దిగిన నీరు గడ్డకట్టి ఉబ్బి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి, వసంతం వచ్చేనాటికి దారిపొడవునా గుంతలు మిగులుస్తుంది. కాబట్టి మా ఇంట ఈ ఎంపిక కేవలం అలంకార విషయం కాదు.

ముందు లెక్క చూద్దాం. చక్రం పైకి లేవడానికి మొదట 80 మిల్లీమీటర్ల చోటు ఉన్నదనుకుందాం. కారును 30 దించితే మిగిలేది 50. స్ప్రింగు మింగగల శక్తి దాని బిరుసుకూ, అది కదిలిన దూరపు వర్గానికీ అనులోమంగా ఉంటుంది. డాంపరు వాటాను పక్కన పెడితే, అదే గుంతను అదే వేగంతో తట్టుకోవడానికి స్ప్రింగు రెండున్నర రెట్లు బిరుసు కావాలి. అప్పుడు సెకనుకు 1.3 సార్లు మెల్లగా ఊగవలసిన కారు రెండుసార్లకు పైగా ఊగుతుంది. 20 మాత్రమే దించితే కావలసిన బిరుసు 1.8 రెట్లకు తగ్గుతుంది. పది మిల్లీమీటర్ల తేడాకు ఇంత వ్యత్యాసమా అని ఆశ్చర్యం కలుగుతుంది గాని, వర్గం చేసే మాయ అటువంటిది.

ఇక్కడే ఒక ప్రమాదకరమైన ఓదార్పు ప్రచారంలో ఉంది. "దించుకో, కాని మెత్తని స్ప్రింగులు వేయించుకో, హాయిగా ఉంటుంది" అంటారు. బాగా కిందికి దించిన కారులో మెత్తని స్ప్రింగు చిన్న గుంతకే ఉన్న చోటంతా వాడేసుకుని బంప్ స్టాపును తాకుతుంది. బంప్ స్టాపంటే డాంపరు కడ్డీకి తొడిగిన నురగవంటి పాలియురేథేన్ దిమ్మ. అది నలిగేకొద్దీ బిరుసెక్కుతుంది, కాబట్టి అదీ ఒక స్ప్రింగే. కాని చివరి క్షణంలో కర్ర పట్టుకుని లేచే స్ప్రింగు. నిలువు ఊపులలో సెకనుకు 4 నుంచి 8 వరకు ఉండే వాటికి మనిషి దేహం మిక్కిలి సున్నితం. మెత్తని స్ప్రింగు మీది ఊపు ఆ పరిధికి దిగువనే నిలుస్తుంది, దిమ్మ కొట్టే గుద్దు నేరుగా అందులోకి వస్తుంది. అరిగిన నడుముకు అది గోరుచుట్టుపై రోకటిపోటు. కాస్త బిరుసైన స్ప్రింగు మీద, దిమ్మను తాకకుండా సాగే ప్రయాణమే ఇంతకంటే సుఖం. "మెత్తన" అన్న మాటను స్ప్రింగుకు కాక ప్రయాణానికి అన్వయించుకోవాలి.

స్ప్రింగును కోయించే పద్ధతి గురించి ఒక్క మాట. ఆరు చుట్ల స్ప్రింగులో ఒక చుట్టు కోస్తే అది ఇరవై శాతం బిరుసెక్కుతుంది, కారు మాత్రం అంతకు మించి కుంగుతుంది. పైగా కోసిన కొన తన పీటలో సరిగా కూర్చోదు. చవక అన్న ఒక్క గుణం తప్ప దానిలో మరేదీ లేదు.

స్ప్రింగు బిరుసైనప్పుడు డాంపరు కూడా మారాలి. స్ప్రింగు ముప్ఫై శాతం పెరిగితే, ఊపును మునుపటివలె అణచడానికి డాంపరు బలం సుమారు పద్నాలుగు శాతం పెరగాలి. పాత డాంపరు మీద కొత్త స్ప్రింగు వేస్తే కారు ప్రతి గతుకు తరువాతా అదనంగా ఒకసారి తలూపుతుంది. అలాగని అన్ని వేళలా గట్టిగా ఉండే డాంపరూ పనికిరాదు. పిస్టను నెమ్మదిగా కదిలేటప్పుడు, అంటే మలుపులో కారు ఒరిగేటప్పుడు, గట్టిగా నిలవాలి. గుంత వచ్చి పిస్టను చటుక్కున కదిలినప్పుడు దారి విడవాలి. మంచి డాంపరుకు మనం చెల్లించే ధర ఈ వివేకానికే. డబ్బు తక్కువైతే స్ప్రింగుల్లో పొదుపు చేయండి గాని డాంపర్లలో చేయకండి.

ఇక ముందు వెనకల పొందిక. మారిస్ ఆలీ అనే ఇంజనీరు 1930లో రోల్స్‌రాయిస్ వదిలి ఈ డెట్రాయిట్‌లోనే కాడిలాక్‌లో చేరాడు. ముందు స్ప్రింగుల ఊపు వెనకవాటి ఊపుకంటే కొంచెం నెమ్మదిగా ఉంటే కారు గుర్రంలా ముందుకూ వెనక్కూ తూగదని ఆయన ప్రయోగాలలో తేలింది. గతుకు ముందు చక్రాన్ని దాటి వెనక చక్రాన్ని చేరడానికి, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మా కారుకు సెకనులో పదోవంతు పడుతుంది. ఆలస్యంగా ఊగడం మొదలుపెట్టిన వెనక భాగం త్వరగా ఊగి ముందుభాగాన్ని కలుసుకోవాలన్నమాట. ముందు స్ప్రింగులను మాత్రమే బాగా బిగించి అమ్మే జతలు ఈ పొందికను చెడగొడతాయి. ఆ తూగుడు ఎక్కువగా తెలిసేది ఇరుసుకు దగ్గరగా కూర్చున్న వెనక సీటువారికే.

"దించితే మలుపుల్లో పట్టు పెరుగుతుంది కదా" అని మావాడి వాదన. గరిమనాభి నేలకు 550 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటే, 30 దించినందువల్ల మలుపులో లోపలి చక్రాలనుంచి బయటి చక్రాలకు తరలే బరువు అయిదారు శాతం తగ్గుతుంది. లాభమే, కాని స్వల్పం. మా కారు వంటి మాక్‌ఫర్సన్ స్ట్రట్ కార్లలో మరీ దించితే కింది చేయి వాలు తిరగబడి, కారు ఏ కేంద్రం చుట్టూ ఒరుగుతుందో ఆ కేంద్రం గరిమనాభికంటే వేగంగా కిందికి పోతుంది. ఒరిగించే మీట పొడవు పెరుగుతుంది. అంటే పట్టుకోసం దించినవాడు ఒరుగును కొనుక్కుంటాడు.

టైరునూ మరువరాదు. మా కారుకున్న 205/55-16 టైరు గోడ ఎత్తు సుమారు 113 మిల్లీమీటర్లు. అందం కోసం 225/40-18 వేయిస్తే అది 90కి పడిపోతుంది. గుంతను మొదట తాకేది టైరు గోడే. దానిని పలచన చేసి ఖరీదైన డాంపర్లు వేయించుకోవడం గొడుగు అమ్మి గొంగళి కొన్నట్టు.

నేల వారగా ఉండే కారు సుఖంగా ఉండజాలదని నేననను. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్ పొట్టిగానూ, పట్టుపరుపులాగానూ ఉండేది. అయితే అందులో వాయువే స్ప్రింగు. బరువెంత ఎక్కినా ద్రవపీడనం కారు ఎత్తును నిలబెట్టి, చక్రం కదిలే చోటును కాపాడేది. చోటు ఉంచినవాడికే సుఖం దక్కుతుందన్న సూత్రాన్ని అదీ ధ్రువపరుస్తుంది.

స్వదేశంలోని మిత్రులకు మరొక హెచ్చరిక. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం వేగనిరోధకం 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున గుండ్రంగా ఉండాలి. మన వీధుల్లో రాత్రికి రాత్రి మొలిచే దిబ్బలు ఆ ప్రమాణాన్ని చదువుకున్నవి కావు. పైగా మోటారు వాహనాల చట్టంలోని 52వ విభాగం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా దానిని గట్టిగా చెప్పింది. దించే ముందు ఆ సంగతి చూసుకోవడం మేలు.

మా ఇంట నేను చెప్పిన తీర్పు ఇది. ఇరవై మిల్లీమీటర్లు, అంతకు మించి వద్దు. స్ప్రింగుల జతకు తగిన డాంపర్లు, కొత్త బంప్ స్టాపులు, పాత పదహారంగుళాల చక్రాలే. బిగించాక బంప్ స్టాపుకు చేరేలోగా ఎంత చోటు మిగిలిందో కొలబద్ద పెట్టి చూడాలి. మావాడు వేలు పెట్టి చూసి "ఇంకా రెండు వేళ్ళు దూరుతున్నాయి నాన్నా" అంటాడని తెలుసు. ఆ రెండు వేళ్ళూ వాళ్ళ నాన్నమ్మవి.