బయోడీజిలూ, చిన్నాయన జీపూ

సంక్రాంతికి కొల్లాపూర్ వెళ్ళానండీ. పొద్దున్నే ఐదింటికి చిన్నాయన పాత జీపు స్టార్టయితే అయ్యింది గానీ, ఊరు దాటకముందే ఆగిపోయింది. చలి పన్నెండు డిగ్రీలు. ఫిల్టర్ విప్పి చూస్తే, పేరిన నెయ్యే!

"డీజిలు కన్నా అగ్గువ అంటే డ్రమ్ముల బయోడీజిలు తెచ్చి పోసిన" అన్నాడు చిన్నాయన.

"ఈ బయో గోలంతా మోసం" అని బావ తీర్పిచ్చేశాడు. ఇదిగో, ఇక్కడే నాకు మండుతుంది!

తప్పు బయోడీజిలుది కాదు, ఏ నూనెతో చేశారో చెప్పకుండా అమ్మినవాడిది. పామాయిల్‌తో చేసింది 13-16 డిగ్రీల దగ్గరే మసకబారి పేరుకోవడం మొదలెడుతుంది. సోయానూనెది దాదాపు సున్నా దాకా తట్టుకుంటుంది. పైగా బయోడీజిలు పాత ట్యాంకులోని మడ్డిని కడిగి ఫిల్టర్లోకి తోస్తుంది, పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. ఇవన్నీ కొనేవాడికి ఎవరు చెప్పాలి?

మామూలు డీజిలు చలికాలంలో 6 డిగ్రీల దాకా ఫిల్టర్‌కి అడ్డుపడకూడదని ప్రమాణం ఉంది. ఆ డ్రమ్ము మీద మాత్రం ఒక్క ముక్క లేదు. వెర్షన్ నంబరు లేకుండా నేను సాఫ్ట్‌వేర్ పంపితే క్లయింటు ఊరుకుంటాడా?

2017కల్లా 20 శాతం బయోడీజిలు అని 2009లో విధానం రాశారు. 2018లో దాన్ని 2030కి 5 శాతం చేశారు. శాతాలు దిద్దడం సరే, డ్రమ్ము మీద నూనె పేరూ, పేరుకునే డిగ్రీలూ రాయించలేరా?

అందాకా ఓ ఉచిత సలహా: కొన్నది కాస్త గాజుసీసాలో పోసి రాత్రంతా ఆరుబయట పెట్టండి. తెల్లారి మసకబారిందా, బండిలో పోయకండి. అదండీ సంగతి.