పాట మిగిలింది, పేరు పోయింది



మా గోదావరి జిల్లాలవారికి కాలాన్ని కొలుచుకొనడానికి పుష్కరాలను మించిన కొలబద్ద లేదు. ఫలానా పుష్కరాలకు ముందు పెండ్లి అయిందనీ, ఫలానా పుష్కరాల తరువాత ఇల్లు కట్టామనీ చెప్పుకొంటాము. పాటల దుకాణాల చరిత్రను కూడా ఆ కొలబద్దతోనే కొలిచి చూడవచ్చును. 1979 పుష్కరాల నాడు గ్రామఫోను రికార్డుదే రాజ్యం. 1991 నాటికి క్యాసెట్టు దానిని గద్దె దించింది. 2003 నాటికి సీడీ వచ్చి క్యాసెట్టు ప్రక్కన పీట వేసుకొన్నది. 2015 నాటికి గోరంత మెమరీ కార్డులో వేయి పాటలు ఇమిడిపోయాయి. 2027 పుష్కరాల మాటకు వస్తే, చేత పట్టుకొనడానికి వస్తువే లేదు. రాజమహేంద్రవరం మెయిన్ రోడ్డులోనైనా, కాకినాడ, భీమవరం, తణుకు, అమలాపురం బజారులలోనైనా కేవలం పాటలు అమ్ముకొని బ్రతికే దుకాణం ఇప్పుడు వెదికి చూడవలసిన వింత. ఆ అరలలో ఇప్పుడు సెల్‌ఫోను తొడుగులూ, చార్జర్లూ వ్రేలాడుతున్నాయి.

దీనిని తలచుకొని కంటతడి పెట్టేవారిని చాలమందిని చూశాను. నాకు ఆ కన్నీటిలో పెద్ద భాగం లేదు. వ్యాపారం పుడుతుంది, గిడుతుంది. ఇత్తడి బిందెలకు కళాయి వేసేవారు పోయారు, గడియారాలు బాగుచేసేవారు తగ్గిపోయారు, పాటలు అమ్మేవారూ పోయారు. అయితే ఆ దుకాణం తనకెవరూ అప్పగించని పని ఒకటి చేస్తూ ఉండేది. దుకాణంతో పాటు ఆ పని కూడా పోయింది, దానిని అందుకొన్నవారు లేరు. నా బాధ అది.

ఆ పని ఏమిటో చెప్పడానికి ముందు దుకాణం ఎట్లా మారుతూ వచ్చిందో కొంత చెప్పాలి. మా పల్లెలలో రికార్డులు, అంటే అందరూ ప్లేట్లని పిలిచే ఆ నల్లని చక్రాలు, కొన్నవారిలో ఎక్కువమంది గృహస్థులు కారు, మైకుసెట్లు అద్దెకిచ్చేవారు. పెండ్లికీ, దసరా పందిరికీ, సంక్రాంతి తీర్థానికీ వారే పాట మోసుకువచ్చేవారు. తీర్థాలలోని రికార్డింగు డాన్సుకు ఆ పేరు పెట్టింది ఆ ప్లేటే. 1980ల నుండి టీ-సీరీస్ వంటి సంస్థలు చవక క్యాసెట్లతో దేశమంతా నింపగా, తెలుగులో ఆదిత్య, లహరి వంటి పేర్లు ఇంటింటా వినబడ్డాయి. పాట సామాన్యుని చేతికి వచ్చింది. కాగితం మీద పండ్రెండు పాటలు వ్రాసి ఇస్తే మరునాటికి ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చే రికార్డింగు సెంటర్లు వీధికొకటి వెలిశాయి. వాటి ప్రక్కనే వీడియో లైబ్రరీలు. ఒక రాత్రికి వీసీపీ, మూడు సినిమాలు అద్దెకు తెచ్చుకొని వీధివారంతా ఒక ఇంటి అరుగు మీద తెల్లవారేదాకా చూచిన రోజులు చాలమందికి గుర్తుండే ఉంటాయి.

1995లో ఈటీవీ, జెమిని వచ్చాక కేబులు తీగ ఆ వీడియో అద్దె వ్యాపారానికి ఉరిత్రాడైంది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ ముప్పది రూపాయలకు అటునిటుగా సినిమా డిస్కులు అమ్మి ఇంకొన్నాళ్ళు ఊపిరి పోసింది. 2018కి ఆ సంస్థే లిక్విడేషనుకు వెళ్ళింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాను మంచినీళ్ళంత చౌక చేశాక మెమరీ కార్డులో పాటలెక్కించే చిన్న కొట్లు కూడా సర్దుకొన్నాయి. గమనించండి: ప్లేటు పోయి క్యాసెట్టు, క్యాసెట్టు పోయి సీడీ వచ్చినప్పుడల్లా వస్తువు మారింది, దుకాణదారు కూడా మారి నిలబడ్డాడు. చివరి మార్పులో వస్తువే మాయమైంది. అమ్మడానికేమీ లేని అంగడి ఎంతకాలం తెరిచి ఉంటుంది? సినిమావారి ‘ఆడియో విడుదల వేడుక’ కూడా ‘ప్రీ-రిలీజ్’ వేడుకగా పేరు మార్చుకొన్నది, విడుదల చేయడానికి ఆడియో అనే వస్తువు లేదు గనుక.

ఇక ఆ పని సంగతి. మంచి పాటల దుకాణదారు నిజానికి ఒక గ్రంథపాలకుడు. ‘ఘంటసాల పాడినది, కృష్ణుడి పద్యం, చివర పెద్ద రాగం తీస్తాడు’ అని ఆనవాలు చెబితే అతడు నాలుగు క్యాసెట్లు తీసి బల్ల మీద పెట్టేవాడు. ‘ఆ పద్యమే పీసపాటి వారు పాడినదీ ఉంది, షణ్ముఖి ఆంజనేయరాజు గారిదీ ఉంది, ఏది కావాలి?’ అని ఎదురు ప్రశ్న వేసేవాడు. ఆ ప్రశ్నలో ఒక విద్య ఉన్నది. ఒకే పద్యాన్ని ఇద్దరు రెండు విధాల పాడతారనీ, ఆ తేడా తెలుసుకొనదగినదనీ కొనుగోలుదారుకు అక్కడే మొదటిసారి తెలిసేది. తొమ్మిదవ తరగతి పిల్లలకు ఉత్పలమాల గణాలు నల్లబల్ల మీద ఎన్నిసార్లు వ్రాసినా ఎక్కనిది, అటువంటి దుకాణంలో కొన్న క్యాసెట్టు ఒక్కసారి వినిపిస్తే ఎక్కేది. నా పాఠాలలో సగం పుణ్యం ఆ దుకాణదారులదే.

రెండవది అట్ట. క్యాసెట్టు పెట్టెలోని ఆ చిన్న కాగితం మడతలు విప్పితే గానం, సంగీతం, రచన అని వరుసగా పేర్లుండేవి. చాల క్యాసెట్ల మీద కవి పేరు గాయకుని ప్రక్కనే కనబడేది. మెమరీ కార్డుల కాలంలో మొదట పోయినది ఆ పేరే. దొంగచాటుగా దింపుకొన్న పాటలలో గాయకుని పేరుండవలసిన చోట ఆ పాటను దొంగిలించిన వెబ్‌సైటు పేరు ఉండేది! ఇప్పుడు సక్రమమైన యాప్‌లు వచ్చాయి. గాయకుడు, సంగీత దర్శకుడు కనబడుతున్నారు. కవి మాత్రం చాల చోట్ల ఇంకా గుమ్మం వెలుపలనే ఉన్నాడు.

ఒక్క ఉదాహరణ చాలు. పాండవోద్యోగ విజయాల పద్యాలు తెలియని తెలుగువాడు అరుదు. వాటిని వ్రాసిన తిరుపతి వేంకట కవులిద్దరూ మా జిల్లాల బిడ్డలే: దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు భీమవరం దగ్గరి యెండగండివారు, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు రాజమహేంద్రవరం దగ్గరి కడియంవారు. ఈనాడు ఆ పద్యం ఫోనులో విన్న కుఱ్ఱవాడిని ఎవరిదని అడగండి. నటుని పేరు చెబుతాడు, లేదా గాయకుని పేరు. కడియంలోనే పుట్టి పెరిగిన పిల్లవాడు అయినా సరే, తన ఊరి కవి పద్యం వింటున్నానన్న ఎరుక లేకుండా వింటాడు. పద్యం చావలేదు, నిజమే. ఇంటిపేరు లేని అనాథ అయింది.

ఇక్కడ ప్రతిపక్షపు మాట కూడా వినాలి. దుకాణాలను మరీ దేవాలయాలు చేయనక్కరలేదు. రికార్డింగు సెంటర్లు ఎక్కించి ఇచ్చిన క్యాసెట్లలో కవికి గాని గాయకునికి గాని దమ్మిడీ ముట్టలేదు. నకిలీ క్యాసెట్లూ, దొంగ డిస్కులూ కొన్ని అంగళ్ళకు నిత్యాన్నం. దుకాణం పట్నంలో ఉండేది. లంక గ్రామాలవాడు పడవ దాటి, బస్సెక్కి రావాలి. ఈనాడు మంచాన పడిన వృద్ధుడు కూడా తన గదిలో ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి వీణ, కాకినాడ చిట్టిబాబు గారి వీణ, శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గానం కోరినప్పుడు వినగలడు. 2020 నుండి గూగుల్‌లో కూనిరాగం తీసి వెదికే సౌకర్యం కూడా వచ్చింది. వీటిని కాదనడం కృతఘ్నత.

కాని యంత్రం తన దగ్గర ఉన్నదానినే వెదికి ఇస్తుంది. దాని దగ్గరకు ఎన్నడూ చేరని వాటి గతి ఏమి? పెద్ద కంపెనీల సినిమా పాటలకు నష్టం లేదు, వాటికి యజమానులున్నారు. 2017లో సరిగమ కంపెనీ పాత పాటలన్నీ పెట్టెలో పెట్టి కార్వాన్ అని అమ్మింది కదా! నష్టమంతా చిన్నవాటికి. జిల్లాలో పేరున్న హరికథకుని కథ, బుఱ్ఱకథ దళం పాడిన వీరగాథ, పద్యనాటక సమాజం రాత్రంతా ఆడిన నాటకం, శతావధానంలోని పూరణలు, ఒక దేవాలయపు ఉత్సవంలో మ్రోగిన సన్నాయి: ఇవి వందో రెండువందలో క్యాసెట్లుగా వచ్చి, ఇక్కడి దుకాణాలలోనే అమ్ముడై, ఇక్కడి అటకల మీదకే చేరాయి. వాటికి పట్టిక అంటూ ఉన్నది దుకాణదారు తలలోనే. అతడు పోతే పట్టిక పోయినట్లే.

పుస్తకమైతే ఇట్లా జరగదు. 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతిని ప్రచురణకర్త కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరాతో సహా మరి మూడు గ్రంథాలయాలకూ పంపాలి. 1956లో వార్తాపత్రికలను కూడా చేర్చారు. పాటిస్తున్నారా లేదా అన్నది వేరు సంగతి. విధి అంటూ ఉన్నది. ఆ చట్టంలో ధ్వనికి చోటు లేదు. ఫ్రాన్సులో 1938 నుండి రికార్డులకూ ఈ విధి ఉన్నది. మన కాపీరైటు చట్టానికి 1984లో చేసిన సవరణ, ధ్వనిముద్రణ మీద తయారుచేసినవారి పేరు, హక్కుదారు పేరు, సంవత్సరం వేయాలన్నది. కవి పేరు వేయాలనలేదు. సరకు ఎవరిదో చట్టం అడిగింది, మాట ఎవరిదో అడగలేదు.

ప్రపంచమంతటా దుకాణాలు పోయాయి. అమెరికాలో టవర్ రికార్డ్స్ 2006లో, కలకత్తా పార్క్ స్ట్రీటులోని మ్యూజిక్ వరల్డ్ 2013లో, బొంబాయి రిథమ్ హౌస్ 2016లో మూతపడ్డాయి. ఇంకొకవైపు 2022లో అమెరికాలో వినైల్ రికార్డులు సీడీల కంటె ఎక్కువ సంఖ్యలో అమ్ముడుపోయాయి. అది చూచి ఇక్కడా రికార్డుల కాలం తిరిగి వస్తుందని మురిసిపోనక్కరలేదు. అది వస్తువు మీది ముచ్చట. ఆ ముచ్చట ఖరీదైనది. మన హరికథ క్యాసెట్టును తిరిగి ఎవరూ అచ్చు వేయరు.

కాలం కూడా మన పక్షాన లేదు. మా డెల్టా గాలిలోని తేమ సంగతి మీకు తెలుసు. టేపుకు బూజు పడుతుంది, పొరలు అంటుకొంటాయి. వినిపించే యంత్రాలు కూడా అరుదవుతున్నాయి. సోనీ జపానులో క్యాసెట్టు వాక్‌మన్ తయారీని 2010లో ఆపింది, వీసీఆర్‌లు తయారుచేస్తూ మిగిలిన ఫునాయ్ కంపెనీ 2016లో మానివేసింది. అటక మీది క్యాసెట్టు రేపటి వరకు ఆగవచ్చును, మరొక పుష్కరం ఆగదు.

కనుక దుకాణం కోసం ఏడ్వడం మాని, దుకాణం చేసిన పనిని మనం పంచుకొనాలని నా అభిప్రాయం.

మొదటిది, ఇంట్లో ఉన్న స్థానిక క్యాసెట్లు బయటికి తీసి, పాడని టేప్‌రికార్డరు ఎవరి దగ్గర ఉన్నదో వాకబు చేసి కంప్యూటరులోకి ఎక్కించాలి. ఎక్కించిన ఫైలుకు పాడినవారు, వ్రాసినవారు, హార్మోనియం, మృదంగం వాయించినవారు, ఊరు, సంవత్సరం ఈ ఆరూ తెలుగులో వ్రాయాలి. తెలియనిది ఖాళీగా ఉంచాలి గాని ఊహించి నింపరాదు. కళాకారుని, లేదా వారి కుటుంబాన్ని అడగకుండా పదిమందిలో పెట్టరాదు.

రెండవది, పాత ప్లేట్లు. ధ్వనిముద్రణపై హక్కు ప్రచురించిన మరుసటి సంవత్సరం నుండి 60 సంవత్సరాలు. చెళ్ళపిళ్ళవారు 1950లో గతించారు గనుక వారి పద్యాలపై హక్కు కూడా ఏనాడో ముగిసింది. అటువంటి పాత పద్యాల రికార్డులను పేర్లతో సహా లోకానికి అందించడానికి చట్టం అడ్డురాదు. మన బద్ధకమే అడ్డు.

మూడవది, గ్రంథాలయాలు. వసురాయకవి వడ్డాది సుబ్బారాయుడు గారి గ్రంథాలయమూ, నాళం కృష్ణారావు గారి గ్రంథాలయమూ కలిసి మా గౌతమీ గ్రంథాలయమైంది. ఇద్దరు వ్యక్తులు తమ ఇష్టంతో మొదలుపెట్టినది ఒక నగరానికి జ్ఞాపకశక్తి అయింది. అటువంటి చోట పుస్తకాల బీరువాల ప్రక్కన ధ్వనికి ఒక బీరువా ఉంటే, అటకల మీది క్యాసెట్లకు దారి దొరుకుతుంది. చట్టం మారే వరకు ఆగనక్కరలేదు. ఆ పెద్దలు ఏ చట్టం కోసమూ ఆగలేదు.

ఇక పాటను మనం ఎవరికైనా పంపేటప్పుడు క్రింద కవి పేరు ఒక్కటి వ్రాసి పంపుదాము. ఖర్చు లేదు, శ్రమ లేదు. కడియం పిల్లవానికి తన ఊరి కవిని చూపించడానికి ఆ ఒక్క పంక్తి చాలు.

మీ మీ ఊళ్ళ అటకల మీద ఏమున్నదో తెలిసినవారు చెబితే సంతోషిస్తాను.

స్వస్తి.