డాక్టరమ్మ కబుర్లు: చలి రోజు, ఇంటి పట్టున

తెనాలిలో ఉన్న మా అత్తగారికి ఫోను చేసి, "ఇక్కడ చలి చంపేస్తోందండీ" అంటే ఆవిడ నవ్వేస్తారు. "ఎడారిలో చలేమిటమ్మా, చోద్యం కాకపోతే!" అంటారు. ఆవిడ తప్పేమీ లేదు. ఈ దేశం వచ్చేటప్పుడు మేమూ పెట్టెలో ఒక్క స్వెట్టరయినా పెట్టుకోలేదు. నూలు చీరలు, ఆవకాయ జాడీ, స్టెతస్కోపు: అదీ మా సామాను.

తబూక్‌లో మొదటి జనవరి వచ్చేసరికి సంగతి తెలిసింది. ఇక్కడికి పడమటి దిక్కున జబల్ అల్ లౌజ్ ఉంది. బాదం కొండ అని అర్థం. రెండున్నర వేల మీటర్ల పైచిలుకు ఎత్తు. శీతాకాలంలో దాని నెత్తిన మంచు పడటం కొత్తేమీ కాదు. 2013 డిసెంబరులో పడింది. 2022లో సరిగ్గా జనవరి 1న పడి అందరికీ కొత్త సంవత్సరం కానుక ఇచ్చింది. మంచు పడిందని తెలిస్తే చాలు, ఎక్కడెక్కడి వాళ్ళో కార్లు వేసుకుని వచ్చేస్తారు. గొర్రెతోలు అస్తరు వేసిన ఫర్వాలు కప్పుకున్న పెద్దమనుషులు కూడా చిన్నపిల్లల్లా మంచు ఉండలు విసురుకుంటారు.

ఊళ్ళో మంచు పడటం అరుదు గాని, గాలికి మాత్రం కొదవ లేదు. పైగా మన ఇళ్ళన్నీ ఎండను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. కింద పాలరాతి పలకలు, చుట్టూ సిమెంటు గోడలు, కిటికీలో చల్లబరచడం తప్ప మరోటి తెలియని ఏసీ. దాని సందుల్లోంచి గాలి ఈల వేసుకుంటూ లోపలికొస్తుంది. అలాంటి శుక్రవారం నాడు బయటికి పోలేక, లోపల ఉండలేక ఏం చేయాలని మన సోదరీమణులు కొందరు అడిగారు. మా ఇంటి పద్ధతి చెబుతాం.

ముందు సోఫాలు వదిలేసి అందరం నేలమీదికి దిగుతాం. తివాచీ మీద జంపఖానా, దానిమీద దుప్పట్లు. ఇల్లంతా వెచ్చబెట్టే పని పెట్టుకోకుండా ఒక్క గదిలోకే అందరం చేరతాం. నలుగురు మనుషులు చేరితే గదికి కొంత వేడి, బోలెడంత సందడి వస్తాయి.

తరవాత వంట. ఊరినుంచి తెచ్చుకున్న ఉలవలు ఉంటే ఆ రోజుకే దాచండి. ఉలవచారు పొయ్యిమీద మరుగుతుంటేనే సగం చలి పోతుంది. ఉలవలు లేకపోతే ఇక్కడి వాళ్ళ అదస్ సూపు ఉంది. ఎర్ర కందిపప్పు, అదే మసూరు పప్పు, మెత్తగా ఉడికించి, జీలకర్ర వేసి, నిమ్మకాయ పిండుతారు. మన పప్పుకట్టుకి దగ్గర చుట్టమే. దానికి తోడు మిరపకాయ బజ్జీలు, అల్లం టీ.

ఆటలకి కొనాల్సిందేమీ లేదు. గుడ్ల అట్ట కత్తిరిస్తే వామనగుంటలకి 14 గుంటలు వస్తాయి. అట్టపెట్టె మూత మీద గళ్ళు గీస్తే అష్టాచెమ్మా. గవ్వలు లేకపోతే చింతగింజలు ఒక పక్క అరగదీస్తే సరి. మా పక్కింటి సౌదీ కుటుంబం బలూత్ అనే పేకాట ఆడుకుంటూ తెల్లవార్లూ కూర్చుంటారు. గోడకి ఇవతల మా కేకలు, అవతల వాళ్ళ కేకలు.

ఆట అయ్యాక పిల్లలచేత తాతమ్మలకి తెలుగులో ఒక ఉత్తరం రాయిస్తాం. ఫోనులో రోజూ మాట్లాడుకుంటున్నా సరే. మా చిన్నది "చలి"కి "చ" బదులు "జ" రాసిన ఉత్తరం మా అత్తగారు ఇప్పటికీ దిండు కింద పెట్టుకున్నారు.

ఇంతవరకూ అందరూ చెప్పే మాటలే. మేము ఈ శీర్షిక రాయడానికి కూర్చున్నది మరో సంగతి కోసం. అది మా సిగ్గు కథ.

రెండేళ్ళ క్రితం భోగి నాడు బాల్కనీలో మంగల్, అంటే ఇక్కడి బొగ్గుల కుంపటి, పెట్టి పిల్లలకి భోగిమంట ముచ్చట తీర్చాం. గాలి హెచ్చింది. మావారు కుంపటి ఎత్తుకొచ్చి హాల్లో పెట్టారు. తలుపులు మూసి, ఏసీ సందులో పాత తువ్వాలు కుక్కారు. పొగ బొత్తిగా లేదు, బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. చుట్టూ కూర్చుని అష్టాచెమ్మా మొదలుపెట్టాం.

గంట గడిచేసరికి పెద్దమ్మాయి తలనొప్పి అంది. చలిగాలి తగిలిందన్నాం. మావారు ఆవలిస్తున్నారు. నైట్ డ్యూటీ చేసింది మేమైతే ఈయనకేం నిద్ర అని వేళాకోళం చేశాం. చిన్నది వాంతి చేసుకుంది. పాపం, బజ్జీల మీద నేరం మోపాం. చివరికి మా తల కూడా దిమ్మెక్కాక అప్పుడు వెలిగింది. ఒకే ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే ఏమనుకోవాలి? గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకునేటప్పుడు తడుముకోకుండా చెప్పిన జవాబే. ఆ చదువంతా చలికి ముడుచుకుని పడుకుంది.

తలుపులు బార్లా తీసి, పిల్లల్ని ఎత్తుకుని కిందికి పరిగెత్తాం. ఆస్పత్రిలో అందరికీ ఆక్సిజన్ పెట్టారు. తెల్లవారేసరికి కుదుటపడ్డాం. ఆ కుంపటి పక్కనే నిద్రపోయి ఉంటే ఈ కబుర్లు చెప్పడానికి మేము ఉండేవాళ్ళం కాము.

దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పొగ లేకపోతే భయం లేదనుకుంటాం గాని, పొగ పోయి ఎర్రగా కాలే బొగ్గే ఈ విషవాయువుని ధారాళంగా వదులుతుంది. కరోనా రోజుల్లో అందరూ కొనుక్కున్న వేలి యంత్రాన్ని నమ్మకండి. మామూలు యంత్రం ఈ విషం పట్టిన రక్తాన్ని కూడా మంచి రక్తంగానే లెక్కపెట్టి 98 అని చూపించగలదు. బయటిగాలికి వస్తే తలనొప్పి తగ్గుతోందంటే అనుమానించండి. వెంటనే అందరూ బయటికి రండి, రెడ్ క్రెసెంట్ అంబులెన్సు కోసం 997కి ఫోను చేయండి. తగ్గింది కదా అని మళ్ళీ లోపలికి వెళ్ళి పడుకోవద్దు. కడుపుతో ఉన్నవాళ్ళు, పసిపిల్లలు, గుండెజబ్బు వాళ్ళు మరీ జాగ్రత్త.

మన పెద్దవాళ్ళు కుంపటి రాజేసుకోలేదా అంటారేమో. రాజేసుకున్నారు. వసారాలో రాజేసుకున్నారు, సందులున్న పెంకుటింట్లో రాజేసుకున్నారు. భోగిమంట వీధిలోనే వేశారు. ఇక్కడి పాతకాలపు ఇళ్ళలో కూడా అతిథులకి కాఫీ కాచే వుజార్ అనే పొయ్యి ఉండేది. దాని పొగ పోవడానికి పైకప్పులో దారి విడిచేవారు. నిప్పుని ఇంట్లోకి పిలిచిన వాళ్ళందరూ దానికి బయటికి పోయే తోవ కూడా చూపించారు. తువ్వాలు కుక్కింది మనమే.

ఇప్పుడు అసలు విన్నపం. మనకి కరెంటు హీటర్లున్నాయి, కంబళ్ళున్నాయి. ఊరి బయట తోటల్లో, రేకుల గదుల్లో పనిచేసే మన కరీంనగరం, నిజామాబాదు, కడప తమ్ముళ్ళకి చాలామందికి అవి లేవు. రాత్రి వంట చేసిన బొగ్గులే వాళ్ళకి హీటరు. కొన్నాళ్ళ క్రితం అలాంటి గదిలోంచి ముగ్గురిని మా ఎమర్జెన్సీకి తెచ్చారు. ఇద్దరు లేచి నడిచి వెళ్ళారు. మూడో అబ్బాయికి అప్పటికే ఆలస్యమైపోయింది. జేబులో ఇంటికి పంపిన డబ్బు రశీదు ఉంది.

అందుకని ఈ చలికాలం ప్రతి సభ్యుడూ తనకి తెలిసిన ఒక్క గదికి వెళ్ళండి. ఒక కంబళి, కుదిరితే నూనె నింపిన కరెంటు హీటరు ఒకటి ఇవ్వండి. బొగ్గులు లోపల పెట్టుకోవద్దని వాళ్ళ కళ్ళలోకి చూసి చెప్పండి. వీలైతే ఆ శుక్రవారం వాళ్ళని మీ ఇంటికే తీసుకురండి. అష్టాచెమ్మాకి నలుగురు కావాలి, ఉలవచారుకి ఎంతమందయినా ఫరవాలేదు.

ఈ భోగికి మా కుంపటి మేడమీదే, ఆట హాల్లో. గవ్వలు సిద్ధంగా ఉన్నాయి. మరి వచ్చే నెల కలుసుకుందాం.