విశ్వాసము – పరిచర్య

ప్రవాసాంధ్రుడన సముద్రములు దాటిపోయినవాడే యని తలచుట మనకు పరిపాటి యైనది. కాని ఇల్లు కదలకయే, రాష్ట్రముల యెల్లలు గీసిన తీరున, పరరాష్ట్రీయులైన తెలుగువారును గలరు. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూరు జిల్లాలో, తెలంగాణపు సరిహద్దున, అడవుల నడుమ నున్న పామేడు అట్టి తావు. జిల్లా కేంద్రముతో నేరుగా రాకపోకలు చిరకాలము దుర్ఘటములై యుండుటచే, అచ్చటివారికి అంగడికైనను ఆసుపత్రికైనను చర్ల, భద్రాచలములే దిక్కైనవి. తల్లిదండ్రులకు క్యాన్సరు సోకిన వేళ క్రైస్తవ కుటుంబముల విశ్వాసమెట్లుండవలెనో ఈ సంచికలో వ్రాయ సంకల్పించినప్పుడు మాకు తొలుత స్ఫురించినది అచ్చటి రోగులు ఆసుపత్రికై పోవు ఆ దారియే.

ఆ దారికి చేరువనే గోదావరీ తీరమున దుమ్ముగూడెమున్నది. నదిలో నౌకాయానము సాగించు పనులకై వచ్చిన హెయిగ్ అను ఇంజనీరు ప్రేరణచే, పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున, కోయల నడుమ క్రైస్తవ మిషను అచ్చట వెలసినది. తెలుగునాట సువార్తయు వైద్యమును తోబుట్టువులవలె నడచినవి. 1883లో గుంటూరు చేరిన అన్నా కుగ్లర్ అను వైద్యురాలు 1898లో అచ్చట ఆసుపత్రి తెరచుట యందుకు నిదర్శనము. సంఘపు పెద్దలు రోగికి నూనె రాసి ప్రార్థింపవలెనని యాకోబు పత్రిక విధించుచున్నది. పౌలుతో దేశాటనము చేసిన లూకా వైద్యుడు. ప్రార్థనను వైద్యమును విడదీసి, మాత్ర మింగుట అవిశ్వాసమని రోగిని భయపెట్టు బోధ తన మతచరిత్రనే యెఱుగని బోధ.

ఐనను ఇంతటితో మా మాట ముగియదు. మందును కాదనని విశ్వాసుల యిండ్లలోను ఇంతకన్న సూక్ష్మమైన హింస యొకటి జరుగుచుండును. కీమో ఫలింపనప్పుడు, రేడియేషను ‘కరెంటు’ పెట్టించిన పిమ్మటను గడ్డ తిరుగబెట్టినప్పుడు, “ఇంకను నమ్మికతో ప్రార్థన చేయమ్మా” అని దూరదేశమునుండి బిడ్డ ఫోనులో పలుకు మాట, వాని హృదయమెంత నిర్మలమైనను, తల్లి చెవికి “నీ నమ్మిక చాలలేదు” అనియే సోకును. సంఘములో సాక్ష్యము చెప్పవలసిన భారము నెత్తిన బెట్టుకొని, బిడ్డ ధైర్యము చెడునేమోయని ఆమె తన నొప్పిని దాచుకొనును. గెత్సేమనే తోటలో తన శ్రమల పాత్రను తొలగింపుమని వేడిన క్రీస్తుకే ఆ పాత్ర తొలగలేదన్న వృత్తాంతమును ఏటేట శ్రమల వారమున వినుచున్న మనము, రోగము తొలగని తల్లియందు విశ్వాసలోపమును వెదకుట యేమి న్యాయము? ఆ రాత్రి ఆయన శిష్యులనడిగినది తనతోకూడ మేలుకొని యుండుమనియే, వారు నిద్రపోయిరి.

మేలుకొని యుండుట యెట్లో చూపినవారిలో సిసిలీ సాండర్స్ ముఖ్యురాలు. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ అను మరణాసన్నుల శుశ్రూషాలయమును తెరచిన ఆ వైద్యురాలు గాఢమైన క్రైస్తవ విశ్వాసము గలది. మరణాసన్నుల నొప్పిలో దేహమేకాక మనస్సు, కుటుంబము, ఆత్మయు పాలుపంచుకొనునని గ్రహించి, నొప్పి తిరిగి రాకమునుపే వేళతప్పక మందిచ్చు పద్ధతిని ఆమె వ్యాప్తికి తెచ్చినది. మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టపు నిర్బంధములచే దుర్లభమైన మార్ఫిను అను నొప్పిమందు 2014 సవరణతో కొంత సులభమైనది. ఐనను మత్తుమందను భయముచేత కుటుంబములే వలదనుట నేటికిని కలదు. నొప్పితో మెలికలు తిరుగు తల్లి ప్రక్కన రాత్రియెల్ల ప్రార్థించి, నొప్పిమందుకు చీటి వ్రాయించుట మరచినచో, ఆ ప్రార్థనలో సగము చేయక మిగిలినట్లే.

సరిహద్దు పల్లెలలో ఈ మెలకువకు మఱి రెండు కష్టములు గలవు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ చికిత్సా పథకము తెలంగాణలో ఆ రాష్ట్రపు నివాసులకే గాని ఎల్ల దాటి వచ్చువారికి గాదు. అంతకన్న వేదనాకరమైనది రెండవది: పామేడు గల బస్తరు ప్రాంతములో క్రైస్తవ రోగి బిడ్డలకు చికిత్సతోపాటు సమాధిస్థలమును చింతయే. స్వగ్రామమున ఖననమునకు అడ్డంకి కలుగగా, ఒక పాస్టరు భౌతికకాయము సుమారు మూడు వారములు శవాగారమున నుండిన పిమ్మట, 2025 జనవరి 27న సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరు భిన్నాభిప్రాయములు వెలిబుచ్చి, తుదకు స్వగ్రామమున గాక క్రైస్తవులకు కేటాయించిన వేఱొక చోట ఖననమున కాజ్ఞాపించిరి. తండ్రి మంచము ప్రక్కన కూర్చున్న కుమారుడు ఇట్టి విషయమును గూడ తలపోయవలసివచ్చుట ఏ సమాజమునకును శోభ గాదు.

ప్రవాసులు చేయగలది కొంచెము గాదు. క్యాన్సరుతో కన్నుమూసిన తమ సతీమణి బసవతారకమ్మగారి స్మృతికై నందమూరి తారకరామారావుగారు సంకల్పింపగా, అమెరికాలోని తెలుగు వైద్యుల తోడ్పాటుతో 2000లో హైదరాబాదున ఆసుపత్రి వెలసినది. ఒక యింటి దుఃఖము వేలాది యిండ్లకు ఆశ్రయమైనది. అంతటి కార్యము అందఱికి సాధ్యము గాకపోవచ్చును. ఫోనుచేసిన బిడ్డ, ప్రార్థన మాటకు ముందు, “రాత్రి నిద్ర పట్టిందా అమ్మా, నొప్పిమందు ఉందా, నీకేం కావాలి?” అని యడుగుట యెల్లరకును సాధ్యమే, ఇక చికిత్స చాలునని ఆమె యనినచో ఆ మాటను ఓటమిగా నెంచక వినుటయు సాధ్యమే. చర్ల, భద్రాచలముల మీదుగా హైదరాబాదు చేరు సరిహద్దు రోగుల ప్రయాణమునకును, తోడువచ్చువారి బసకును మన ప్రవాసాంధ్ర సంఘముల శాఖలన్నియు కలసి యొక నిధి నేర్పఱుపవలెననియు, అది రోగి మతము నడుగక వ్యయమగవలెననియు మా ప్రతిపాదన.