ఇన్‌స్పైర్‌ అవార్డు: ఆలోచన విద్యార్థిది.. లాగిన్‌ హెచ్‌ఎంది

చర్ల, దుమ్ముగూడెం లాంటి ఏజెన్సీ మండలాల్లో ఓ హైస్కూల్‌ విద్యార్థికి మంచి ఆలోచన తట్టిందనుకోండి. ఇన్‌స్పైర్‌ అవార్డ్స్‌-మనక్‌కు సొంతంగా దరఖాస్తు చేసుకోలేడు. పాఠశాల ముందుగా ఆన్‌లైన్‌ పోర్టల్‌లో నమోదై ఉండాలి. హెచ్‌ఎం లాగిన్‌ నుంచే పేర్లు వెళ్లాలి, అదీ బడికి గరిష్ఠంగా 5. నెట్‌ సరిగా లేకో, హెచ్‌ఎం పట్టించుకోకో గడువు దాటితే ఆ బడి పిల్లలంతా పోటీలో లేనట్టే. ఈ నిబంధనలో అసలు చిక్కు ఇదే.

కేంద్ర శాస్త్ర, సాంకేతిక విభాగం, నేషనల్‌ ఇన్నోవేషన్‌ ఫౌండేషన్‌ కలిసి దీన్ని నడుపుతున్నాయి. ఎంపికైతే రూ.10 వేలు నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడతాయి. ఇది ఇంటి ఖర్చులకు కాదు. నమూనా తయారీకి, దాన్ని జిల్లా ప్రదర్శనకు తీసుకెళ్లడానికి. ఖాతా లేని పిల్లలకు ముందే తెరిపించడం మంచిది.

ఆలోచన కొత్తగా ఉండాలి, జనానికి పనికిరావాలి. గైడ్లలో, యూట్యూబ్‌లో చూసి చేసే పాత మోడళ్లు నిలబడవు. తునికాకు కట్టలు కట్టే అమ్మ నడుంనొప్పిని, ఇప్పపువ్వు ఏరే శ్రమను తగ్గించే పరికరమైతే? ఇలాంటి కష్టాలు నగరం పిల్లల కంటే ఇక్కడి పిల్లలకే బాగా తెలుసు. తల్లిదండ్రులు హెచ్‌ఎంను అడగాల్సింది ఒక్కటే: ‘మన బడి నమోదైందా సార్‌?’